వెల్డింగ్ మిషను రొద: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈ నెల అందిన ఉత్తరాలలో అయిదు ఒకే విషయం చుట్టూ తిరుగుతున్నాయి. ఇంటి వెనక రేకుల షెడ్డులోనో, వాకిట్లోనో వెల్డింగ్ పని చేసుకునేవారికీ, వారి ఇరుగుపొరుగులకూ కరెంటు విషయంలో ఎదురవుతున్న ఇబ్బందులవి. మిక్సీలు, మోటార్ల మీద వచ్చిన ప్రశ్నలను వచ్చే సంచికకు వాయిదా వేసి, ఈసారి చోటంతా వీటికే ఇచ్చాము.

ప్రశ్న: మాది తెనాలి దగ్గర పల్లె. ఇంటి వెనక షెడ్డులో గేట్లు, కిటికీ గ్రిల్స్ చేస్తుంటాను. పదేళ్లు వాడిన పాత ట్రాన్స్‌ఫార్మర్ సెట్టు అమ్మేసి, దసరాకు 200 ఆంపియర్ల ఇన్వర్టరు మిషను కొన్నాను. పాతదానితో పని మొదలుపెడితే ఇంట్లో ఫ్యాన్లు నెమ్మదించేవి, బల్బులు మసకబారేవి. కొత్తదానితో ఆ బాధ చాలావరకు తగ్గింది గానీ ఇంకో బాధ మొదలైంది. వీధి గదిలో మా నాన్నగారు వినే రేడియోలో విజయవాడ కేంద్రం మీద బర్రుమని మోత వస్తోంది. వైఫై డబ్బా రోజుకు నాలుగైదుసార్లు ఆగిపోయి మళ్లీ మొదలవుతోంది. 5 కేవీఏ స్టెబిలైజరు పెడితే అన్నీ సర్దుకుంటాయని దుకాణంలో చెబుతున్నారు. కొనమంటారా? స్తంభం నుంచి మా మీటరుకు 40 మీటర్ల దూరం ఉంటుంది. సర్వీసు వైరు పాత అల్యూమినియంది.

జవాబు: కొనవద్దు. స్టెబిలైజరు మంచి వస్తువే గానీ మీ ఇంటి జబ్బుకు అది మందు కాదు. మీరు ఒకే బాధగా రాసినవి నిజానికి రెండు వేర్వేరు బాధలు. ఒకటి ఓల్టేజి పడిపోవడం. రెండోది మిషను నుంచి తీగల్లోకీ గాలిలోకీ అక్కరలేని రేడియో అలలు, అంటే రొద, వెలువడడం. పాత సెట్టుకు మొదటిది ఎక్కువ, రెండోది తక్కువ. కొత్త మిషను సంగతి దీనికి తిరగబడింది.

ముందు ఓల్టేజి సంగతి చూద్దాం. మీరు 10 నంబరు రాడ్డుతో సుమారు 110 ఆంపియర్ల మీద పని చేస్తున్నారనుకుంటే, ఆర్కు (రాడ్డుకూ ఇనుముకూ నడుమ మెరిసే మంట) దగ్గర ఉండేది 24 ఓల్టులే కాబట్టి అక్కడ నిజంగా ఖర్చయ్యే విద్యుత్తు రెండున్నర కిలోవాట్లకు కొంచెం పైన. ఈ పనికే పాత సెట్టు మీ సర్వీసు వైరు నుంచి 33 ఆంపియర్ల దాకా లాగి ఉంటుంది. ఎందుకంటే దాని పవర్ ఫ్యాక్టరు, అంటే లాగిన కరెంటులో నిజంగా పనికివచ్చే వంతు, సగానికన్నా తక్కువ. స్విచ్చు వేసిన క్షణంలోనూ, రాడ్డు ఇనుముకు అంటుకుపోయిన క్షణంలోనూ ఇంకా ఎక్కువ లాగుతుంది. ఇన్వర్టరు మిషను అదే పనికి 20 ఆంపియర్ల దగ్గర ఆగుతుంది, రాడ్డు అంటుకుంటే చాలా మిషన్లు తామే కరెంటును తగ్గించుకుంటాయి. మీ ఇంట్లో ఫ్యాన్ల బాధ తగ్గడానికి కారణం ఇదే. అయితే అది పూర్తిగా పోలేదని మీ ఉత్తరమే చెబుతోంది. మీ సర్వీసు వైరు 4 చదరపు మిల్లీమీటర్ల అల్యూమినియందయితే, పోను రాను కలిపి 80 మీటర్ల తీగకు నిరోధం సగం ఓముకు కాస్త ఎక్కువ వస్తుంది. ఇరవై ఆంపియర్లు పారినప్పుడు ఆ తీగే పది ఓల్టుల దాకా మింగేస్తుంది. 1956 నాటి భారత విద్యుత్ నియమాల ప్రకారం ఇంటికిచ్చే ఓల్టేజి చెప్పిన విలువకు 6 శాతానికి మించి అటూ ఇటూ పోకూడదని ఉండేది, అంటే 230కి గాను 216కు తగ్గకూడదు. సాయంత్రంపూట స్తంభం దగ్గరే 220 ఉన్న ఊళ్లో మీ పది ఓల్టులు పోతే మిగిలేదెంతో మీరే లెక్క వేసుకోవచ్చు.

ఇక్కడ స్టెబిలైజరు పెడితే ఏమవుతుంది? పడిపోయిన ఓల్టేజిని పైకెత్తడానికి అది లైను నుంచి మరింత కరెంటు లాగుతుంది, ఆ అదనపు కరెంటు అదే సర్వీసు వైరులో ఇంకొన్ని ఓల్టులను పోగొడుతుంది. పైగా అది లోపల రిలేలు టకటకమంటూ మారేలోగా మీ రాడ్డు నాలుగుసార్లు అంటుకుని విడిపోతుంది. డబ్బు పెట్టదలిస్తే తీగల మీద పెట్టండి. సర్వీసు వైరును 16 చదరపు మిల్లీమీటర్ల అల్యూమినియానికి మార్పిస్తే పది ఓల్టుల నష్టం మూడుకు దిగుతుంది. మీటరు దగ్గరి బోర్డు నుంచి షెడ్డుకు వేరే ఏ ప్లగ్గూ తగిలించని 6 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగను విడిగా లాగించండి. ఇంకొక మాట కూడా చెప్పాలి. ఇళ్లలో ఉండే పెద్ద ప్లగ్గు 16 ఆంపియర్లకు తయారైనది. దానిలో గంటల తరబడి 20 ఆంపియర్లు పారిస్తే పిన్నులు నల్లబడి, ప్లాస్టిక్కు కరిగి, ఆ వదులైన పిన్నుల దగ్గర పుట్టే చిన్నచిన్న మెరుపులే మరో కొత్త రొదకు మూలమవుతాయి. 32 ఆంపియర్ల ఇండస్ట్రియల్ ప్లగ్గూ సాకెట్టూ పెట్టించండి.

ఇప్పుడు రేడియో సంగతి. పాత సెట్టులో రాగి చుట్లు, ఇనుప రేకులు తప్ప మరేమీ లేవు. లైనులో వచ్చే 50 హెర్ట్జ్ కరెంటునే అది పెద్దది చేసి ఇచ్చేది. ఇన్వర్టరు మిషను అలా కాదు. వచ్చిన కరెంటును ముందు డీసీగా మార్చి, లోపలి ఐజీబీటీలనే స్విచ్చులతో సెకనుకు కొన్ని పదుల వేలసార్లు తెంచి, చిన్న ట్రాన్స్‌ఫార్మర్ గుండా పంపుతుంది. ఆ మిషను మీరు ఒంటి చేత్తో ఎత్తగలిగేంత తేలికగా ఉండడానికి కారణం ఈ వేగమే, మీ నాన్నగారి రేడియో పాడవడానికి కారణమూ ఈ వేగమే. కత్తితో కోసినట్టు నిలువుగా తెగే కరెంటులో దాని మూల పౌనఃపున్యమే కాక, దానికి రెండింతలు, మూడింతలు, ఇరవయ్యింతలు కూడా ఉంటాయి. మీ మిషను 40 కిలోహెర్ట్జ్ మీద స్విచ్చింగు చేస్తుందనుకోండి, దానికి 21 రెట్లు 840. విజయవాడ కేంద్రం మీడియం వేవు మీద వినిపించేది 837 కిలోహెర్ట్జ్ దగ్గర. రెండూ పక్కపక్కనే వచ్చి కూర్చున్నాయన్నమాట.

ఆ రొద ఏ దారిన వస్తోందో తెలుసుకోకుండా ఏ సామానూ కొనకూడదని నా అభిప్రాయం. తెలుసుకోవడానికి ఖరీదైన పరికరం అక్కరలేదు, బ్యాటరీతో పలికే చిన్న ట్రాన్సిస్టరు చాలు. దాన్ని ప్లగ్గుకు తగిలించకుండా, మీడియం వేవులో ఏ కేంద్రమూ లేని చోట పెట్టి గట్టిగా వినండి. మిషను స్విచ్చు ఆపి ఒకసారి, స్విచ్చు వేసి ఆర్కు కొట్టకుండా ఒకసారి, ఆర్కు కొడుతూ ఒకసారి వినాలి. స్విచ్చు వేయగానే మోత మొదలైతే దోషం మిషను లోపలి స్విచ్చింగుది. ఆర్కు కొట్టినప్పుడే వస్తే హోల్డరు తీగలదీ ఆర్కుదీ. తరువాత ట్రాన్సిస్టరు పట్టుకుని ఇల్లంతా తిరగండి. షెడ్డుకు దూరంగా ఉన్న గదిలో కూడా గోడలోని తీగల దగ్గరికి తెస్తే మోత పెరిగి, గది మధ్యకు వస్తే తగ్గిందంటే, రొద ఇంటి వైరింగు వెంట పాకి వస్తున్నట్టు. షెడ్డు నుంచి దూరం జరిగిన కొద్దీ అన్ని చోట్లా ఒకే తీరున తగ్గితే గాలిలో వస్తున్నట్టు. మీ ఇంట్లో మొదటిదే నిజమవుతుందని ఊహిస్తున్నాను. వైఫై డబ్బాకూ ఇలాగే ఒక పరీక్ష ఉంది. దాని అడాప్టరు సాధారణంగా 100 నుంచి 240 ఓల్టుల వరకూ పనిచేసేదే కాబట్టి పది ఓల్టుల తగ్గుదలకు అది ఆగిపోకూడదు. ఒకరోజు దాన్ని చిన్న రూటరు యూపీఎస్ మీద, ఆ యూపీఎస్ ప్లగ్గు కూడా పీకేసి, కేవలం బ్యాటరీతో నడిపించి చూడండి. అలా నడిచినంతసేపూ ఆగకపోతే దోషం కరెంటు తీగల వెంట వస్తోంది. ఫైబరు కనెక్షనయితే గాజు తీగలోకి ఈ రొద ఎక్కే వీలే లేదు.

తీగల వెంట వచ్చే రొదకు మందు మిషను దగ్గరే వేయాలి. 25 లేదా 30 ఆంపియర్లకు తగిన ఈఎంఐ ఫిల్టరును (తీగలోని రొదను వడగట్టే పరికరం) మిషనుకు కరెంటు వచ్చే చోట, లోహపు డబ్బాలో, పొట్టి తీగతో ఎర్తుకు కలిపి బిగించండి. ఎర్తు సరిగా లేని ఇంట్లో ఫిల్టరు సగం పనే చేస్తుంది, కాబట్టి ఎర్తు గుంతలో నీళ్లు పోసి ఎన్నాళ్లయిందో చూసుకోండి. రేడియో, వైఫై అడాప్టర్ల తీగలకు రొదను అడ్డగించే నల్లటి ఫెరైటు రింగులు తొడగండి. ఆ రింగులోంచి తీగను ఒకసారి దూర్చడం కన్నా మూడుసార్లు చుట్టడం మేలు, ఎందుకంటే అడ్డగించే శక్తి చుట్ల సంఖ్య వర్గాన్ని బట్టి పెరుగుతుంది, మూడు చుట్లకు దాదాపు తొమ్మిదింతలు. మీ నాన్నగారికి ఖర్చు లేని చిట్కా ఒకటి ఉంది. ట్రాన్సిస్టరును బల్ల మీద మెల్లగా తిప్పమనండి. లోపలి ఏరియల్ కడ్డీకి ఒక దిక్కు నుంచి వచ్చే అలలు వినిపించవు. రొద ఆ దిక్కున పడేలా కుదిర్చితే కేంద్రం తేలివస్తుంది.

మరొకటి గమనించండి. మీరు వెల్డింగ్ చేస్తున్నప్పుడు పక్కింటి బల్బులు మసకబారడానికి బదులు మరింత ప్రకాశంగా వెలుగుతున్నట్టయితే, అది మీ మిషను తప్పు కాదు, స్తంభం మీద అందరికీ ఉమ్మడి న్యూట్రలు వదులైందని అర్థం. ఒక ఫేజు మీద బరువు పడగానే మిగతా ఫేజుల ఓల్టేజి పెరుగుతుంది. న్యూట్రలు పూర్తిగా తెగిపోతే వీధిలో టీవీలు, ఫ్రిజ్‌లు కాలిపోతాయి. వెంటనే పని ఆపి 1912కు ఫోను చేసి చెప్పండి. ఇక మీరు ఆ గేట్లు అమ్మకానికే చేస్తున్నారు కాబట్టి, ఇంటి కేటగిరీ సర్వీసు మీద వ్యాపారం చేయడం 2003 విద్యుత్ చట్టం 126వ సెక్షను కిందకు వస్తుందని కూడా గుర్తుచేయాలి. సర్వీసు వైరు మార్పించేటప్పుడే షెడ్డుకు వేరే మీటరు అడగడం అన్ని విధాలా నయం.

ప్రశ్న: హైదరాబాదులో అపార్టుమెంటు నాలుగో అంతస్తులో ఉంటాను. నాకు హ్యామ్ రేడియో (సరదా కోసం సొంతంగా నడిపే రేడియో) లైసెన్సు ఉంది. మా వెనక ఇంటి ఆవరణలో ఒకాయన స్టీలు రెయిలింగులు చేస్తాడు. ఆయన వెల్డింగ్ టార్చి మీట నొక్కిన ప్రతిసారీ, 7 మెగాహెర్ట్జ్ దగ్గర ఉండే 40 మీటర్ల బ్యాండు అంతా ఒక క్షణం పేలిపోయినట్టవుతుంది. కొన్ని రోజుల్లో ఆ మోత ఒక క్షణం కాదు, పని జరిగినంతసేపూ ఉంటుంది. ఆయన మంచివాడే, గొడవ పెట్టుకోవడం నాకు ఇష్టం లేదు. ఏమి చెయ్యాలి?

జవాబు: మీ పొరుగాయనది టిగ్ మిషను. టంగ్‌స్టన్ సూదిని ఇనుముకు తాకించకుండానే ఆర్కు పుట్టించడానికి, అది కొన్ని వేల ఓల్టుల హెచ్చు పౌనఃపున్యపు కరెంటును క్షణకాలం ఆ ఖాళీలోంచి దూకిస్తుంది. చాలా మిషన్లలో ఆ కరెంటును పుట్టించేది రెండు లోహపు మొనల మధ్య ఎగిరే నిప్పురవ్వ. హామ్‌లకు ఈ రవ్వ పరాయిది కాదు. 1887లో జర్మనీలో హెర్ట్జ్ తొలిసారి రేడియో అలలను చూపించింది ఇలాంటి రవ్వతోనే, 1890లలో కలకత్తాలో జగదీశ్ చంద్ర బోసు ప్రయోగాలూ రవ్వతోనే, 1912లో టైటానిక్ ఓడ నుంచి ఆపద సందేశం వెళ్లిందీ రవ్వతోనే. ఒకడు మాట్లాడితే బ్యాండంతా మూగపోతోందని 1927 వాషింగ్టన్ రేడియో సమావేశంలో ప్రపంచ దేశాలు ఆ ట్రాన్స్‌మిటర్లను క్రమంగా తప్పించాలని నిర్ణయించాయి. ఓడల్లోంచి దిగిపోయిన ఆ యంత్రం మీ వెనకింటి షెడ్డులో ఇంకా ఉద్యోగం చేస్తోందన్నమాట.

మీ 40 మీటర్ల బ్యాండుకే ఎందుకు ఇంత తగులుతోందో లెక్క చూస్తే నవ్వు వస్తుంది. 7 మెగాహెర్ట్జ్ అల పొడవు 43 మీటర్లు, దానిలో నాలుగోవంతు పదిన్నర మీటర్లు. రెయిలింగు పైపులు 20 అడుగుల పొడవున, అంటే 6 మీటర్లుగా వస్తాయి. 4 మీటర్ల టార్చి కేబులుకు ఆ పైపు కలిస్తే పది మీటర్లు. ఎర్తు లేని బల్ల మీద ఆ పైపు పెట్టి పని చేసేటప్పుడు, మీరు మేడ మీద కష్టపడి కట్టుకున్నలాంటి ఏరియల్‌నే ఆయన తెలియకుండా కింద కట్టుకుంటున్నాడు.

కొన్ని రోజుల్లో మోత ఆగకుండా ఉండడానికి కారణం ఆ రోజు ఆయన అల్యూమినియం అతుకుతూ ఉండడం కావచ్చు. స్టీలుకు డీసీ కరెంటు వాడతారు, రవ్వ మొదట ఆర్కు పుట్టించి ఆగిపోతుంది. అల్యూమినియానికి ఏసీ వాడాలి. ఆ కరెంటు సెకనుకు 100 సార్లు సున్నా మీదుగా పోతుంది కాబట్టి, ఆరిపోయే ఆర్కును నిలబెట్టడానికి పాత మిషన్లు రవ్వను ఆపకుండా ఎగరేస్తూనే ఉంటాయి.

ఇందులో ఆయన చేయగలిగినవి ఖర్చు లేనివే ఎక్కువ. స్టీలు పనికి చాలా మిషన్లలో లిఫ్ట్ ఆర్కు అనే మీట ఉంటుంది. సూదిని ఇనుముకు తాకించి మెల్లగా ఎత్తితే ఆర్కు పుడుతుంది, రవ్వతో పనే లేదు. ఇది ఒక్కటి ఒప్పించగలిగితే మీ బాధలో ముప్పాతిక తీరినట్టే. మిషనులో రవ్వ ఎగిరే మొనల ఖాళీ చాలావాటికి 0.2 మిల్లీమీటరు ఉండాలి. అరిగి అది వెడల్పయిన కొద్దీ రొద పెరుగుతుంది, అందువల్ల మెకానిక్కుతో సరిచేయించాలి. పక్క రేకులు విప్పి గాలి తగులుతుందని అలాగే వదిలేసే అలవాటు మన షెడ్లలో ఉంది, ఆ రేకులు దుమ్ముకు మాత్రమే కాదు రేడియో అలలకూ గోడలు. పని బల్లను ఎర్తుకు కలపడం, టార్చి కేబులునూ ఎర్తు క్లాంపు కేబులునూ నేల మీద పక్కపక్కనే పరవడం, కేబుళ్లను అవసరానికి మించి పొడవుగా ఉంచకపోవడం మిగతావి.

మీ వైపున, రేడియోలో ఉండే నాయిస్ బ్లాంకరు (క్షణకాలపు మోతలను కత్తిరించే ఏర్పాటు) ఇలాంటి పొట్టి పొట్టి పేలుళ్లకే పనికివస్తుంది, అదీ వాడి చూడండి. ఏరియల్‌ను ఆయన షెడ్డుకు ఎదుటివైపు అంచుకు జరిపి, దాని కోయాక్సు కేబులును ఫెరైటు రింగు మీద కొన్ని చుట్లు చుట్టండి. ఆయన దగ్గరికి వెళ్లేటప్పుడు మాత్రం ఫిర్యాదు పట్టుకుని కాక, చేతిలో పలికే రేడియో పట్టుకుని వెళ్లండి. మీట నొక్కితే ఏమవుతుందో ఆయన చెవితో ఆయనే వింటే సగం పని అవుతుంది. నగరంలోనే 1983 నుంచి జాతీయ అమెచ్యూర్ రేడియో సంస్థ పనిచేస్తోంది, ఇలాంటి రొదలను వెతికిపట్టుకోవడంలో చేయితిరిగిన హామ్‌లు మీకు అక్కడ పరిచయమవుతారు. ఆయన మిషను పుస్తకంలో క్లాస్ ‘ఏ’ (Class A) అని ఉందేమో కూడా చూడమనండి. అంతర్జాతీయ ప్రమాణాల్లో ఆ మాటకు అర్థం, అది నివాస ప్రాంతాల్లో ఇళ్ల లైను మీద వాడడానికి ఉద్దేశించినది కాదని. మన దుకాణాల్లో ఇళ్లకు అమ్మే వెల్డింగ్ మిషన్లలో క్లాస్ ఏ అని రాసి ఉన్నవి తక్కువేమీ కాదు. కొనేవారు ఆ పేజీ తిప్పరు, అమ్మేవారు చెప్పరు.

ప్రశ్న: కొత్త ఇంట్లో, కరెంటు ఎర్తులోకి కారితే లైను తెంచేసే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ పెట్టించాను. వెల్డింగ్ మిషను స్విచ్చు వేయగానే ఇల్లంతా కరెంటు పోతోంది. మిషను ఎర్తు తీగ కత్తిరిస్తే సరిపోతుందని ఎలక్ట్రీషియను అన్నాడు. నిజంగానే మొన్న ఒకసారి కత్తిరించి చూస్తే పోవడం ఆగింది. ఇలా వాడుకోవచ్చా? (కరీంనగర్)

జవాబు: వాడుకోకూడదు, ఈ జవాబు చదివిన వెంటనే ఆ తీగను తిరిగి కలపండి. మొదటి ఉత్తరంలో చెప్పిన రొదను ఆపడానికే మిషను లోపల ఫేజు నుంచి బాడీకీ, న్యూట్రలు నుంచి బాడీకీ చిన్న కెపాసిటర్లు పెడతారు. వాటి గుండా ఎప్పుడూ కొద్దిపాటి కరెంటు ఎర్తులోకి కారుతూ ఉంటుంది. 10 నానోఫారడ్ల కెపాసిటరులో అది మిల్లీ ఆంపియరులో ముప్పాతిక వంతు. ఫ్రిజ్, వాషింగ్ మిషను, కంప్యూటరు తలా కాస్త కారుస్తాయి. 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ సరిగ్గా 30 దగ్గరే పడిపోవాలని లేదు, 15 దాటిన తరువాత ఎప్పుడైనా పడవచ్చు. అందరి కారుడూ కలిసి ఆ అంచుకు చేరి ఉన్నప్పుడు, స్విచ్చు వేసిన క్షణంలో మిషను కెపాసిటర్లు నిండడానికి గుంజుకునే కరెంటు దాన్ని పడగొడుతుంది.

ఎర్తు తీగ కత్తిరించినప్పుడు కారుడు ఆగలేదు, దానికి పోయే దారి పోయింది. ఇప్పుడు ఫేజుకూ న్యూట్రలుకూ నడుమ ఉన్న ఆ రెండు కెపాసిటర్ల కూడలి, అంటే మిషను బాడీ, దాదాపు 115 ఓల్టుల మీద వేలాడుతూ ఉంటుంది. టెస్టరు పెడితే వెలుగుతుంది, చేయి పెడితే జిల్లుమంటుంది. ఆ జిల్లు చిన్నదే. కానీ రేపు లోపల ఫేజు తీగ ఊడి రేకుకు తగిలితే, అది ఎర్తులోకి పోయి ఆర్‌సీసీబీని పడగొట్టడానికి బదులు, తడి కాళ్లతో మిషనును ముట్టుకున్న మనిషి కోసం కాచుకుని ఉంటుంది.

చేయవలసింది ఇది. ఇంట్లో మిగతా ఎంసీబీలన్నీ దించి మిషను ఒక్కటే వేసి చూడండి. అప్పుడూ పడిపోతే మిషనులో ఇన్సులేషను దెబ్బతిందేమో మెగ్గరుతో (ఇన్సులేషను కొలిచే మీటరు) చూపించాలి, లేదా షెడ్డు బోర్డులో ఎవరో న్యూట్రలునూ ఎర్తునూ కలిపి ఉంటారు. కొత్త ఇళ్లలో ఈ పొరపాటు మనం అనుకునేదానికన్నా ఎక్కువ. ఒక్కటే వేస్తే నిలబడిందంటే, షెడ్డుకు విడి లైనూ విడి ఆర్‌సీసీబీ పెట్టించండి. ఇన్వర్టరు మిషనుకు ‘ఏసీ’ (AC) రకం కన్నా ‘ఏ’ (A) రకం ఆర్‌సీసీబీ తగినది, ఎందుకంటే డీసీగా మార్చే పరికరాల్లో పుట్టే లోపాన్ని మామూలు ఏసీ రకం పసిగట్టలేకపోవచ్చు.

ప్రశ్న: మా నాన్నగారికి గత ఏడాది పేస్‌మేకరు అమర్చారు. ఇంటి ముందు నా వెల్డింగ్ పని ఉంటుంది. ఆయన పాత అలవాటు కొద్దీ వచ్చి పక్కన కూర్చుంటారు, అప్పుడప్పుడు ఎర్తు క్లాంపు పట్టిస్తారు. ప్రమాదమా? (వరంగల్ జిల్లా)

జవాబు: పేస్‌మేకరు గుండె కొట్టుకునేటప్పుడు పుట్టే మిల్లీఓల్టుల సంకేతాన్ని వింటూ, అది వినిపించకపోతే తాను ప్రేరణ ఇస్తుంది. వెల్డింగ్ తీగల్లోని కరెంటు వల్ల తీగల చుట్టూ అయస్కాంత క్షేత్రం ఏర్పడుతుంది. అది మారుతున్నప్పుడు పేస్‌మేకరు దాన్ని గుండె చప్పుడుగా పొరబడి, ఇవ్వవలసిన ప్రేరణను ఇవ్వకుండా ఊరుకోవచ్చు. ముఖ్యంగా గుండె లయకు దగ్గరగా, సెకనుకొకసారి టక్కు టక్కుమని చుక్కలు పెట్టే పని దాన్ని తికమక పెడుతుంది. ఆయన ఆ పని చేయవద్దు, క్లాంపు పట్టవద్దు, కేబులు ముట్టవద్దు. ఇందులో సందేహం లేదు.

దూరం ఎంత కాపాడుతుందో అంకెల్లో చెబుతాను. 150 ఆంపియర్లు పారే ఒంటి తీగకు ఒక అడుగు దూరంలో అయస్కాంత క్షేత్రం సుమారు 100 మైక్రోటెస్లాలు ఉంటుంది, మన ప్రాంతంలో భూమి క్షేత్రం 40 దగ్గర. అదే కరెంటు పోయే తీగనూ వచ్చే తీగనూ రెండంగుళాల ఎడంలో జంటగా కట్టి పరిస్తే, ఒకదాని క్షేత్రాన్ని మరొకటి చెరిపి, అదే చోట ఆరో వంతు మాత్రమే మిగులుతుంది. అందుకే హోల్డరు కేబులూ ఎర్తు కేబులూ ఎప్పుడూ జంటగా ఉండాలి, మధ్యలో మనిషి కూర్చునే ఉంగరంలా పరవకూడదు, భుజాన చుట్టుకోకూడదు. ఆయన కుర్చీని మిషనుకూ కేబుళ్లకూ పది పన్నెండు అడుగుల అవతల వేయండి. తల తిరిగినట్టు, గుండె దడదడలాడినట్టు అనిపిస్తే లేచి దూరంగా వెళ్లిపోవాలని చెప్పి ఉంచండి, దూరం జరిగితే పేస్‌మేకరు మామూలుగా తన పనిలో పడుతుంది. వచ్చేసారి తనిఖీకి వెళ్లినప్పుడు ఆయనకిచ్చిన పేస్‌మేకరు కార్డు తీసుకువెళ్లి, ఇంట్లో వెల్డింగ్ జరుగుతుందని డాక్టరుగారికి చెప్పండి. ఆ మోడలుకు కంపెనీ పెట్టిన హద్దులు డాక్టరుగారి దగ్గర ఉంటాయి, నా అంకెలకన్నా ఆ మాటే ప్రమాణం. మీరు టిగ్ మిషను కూడా తెచ్చే ఆలోచనలో ఉంటే అది ముందుగా చెప్పవలసిన విషయం.

ప్రశ్న: ట్రాక్టరుకు తగిలించి ఉండగానే ట్రాలీకి వెల్డింగ్ చేస్తే ఆల్టర్నేటరు కాలిపోయింది. కారణమేమిటి? (నంద్యాల జిల్లా)

జవాబు: మీరు ఎర్తు క్లాంపు ఎక్కడ పెట్టారో రాయలేదు, ట్రాక్టరు ముందు భాగంలోనో, ట్రాలీ అవతలి కొసనో పెట్టి ఉంటారని అనుకుంటున్నాను. వెల్డింగ్ కరెంటు రాడ్డు నుంచి క్లాంపుకు తిరిగి రావడానికి దొరికిన ప్రతి దారినీ పంచుకుంటుంది. ఇంజను బాడీ, బ్యాటరీ తీగ, ఆల్టర్నేటరు డయోడ్లు ఆ దారిలో ఉంటే అవీ మోస్తాయి. కొత్త ట్రాక్టర్లలో ఎలక్ట్రానిక్ కంట్రోలు పెట్టె ఉంటే అది ముందు పోతుంది. ఇకమీదట ట్రాలీ హుక్కు విప్పి, వైరింగు ప్లగ్గు పీకి, దూరంగా లాగిన తరువాతే పని మొదలుపెట్టండి. ట్రాక్టరు మీదే పని ఉంటే ముందు బ్యాటరీ నెగటివ్ తీగ విప్పాలి. క్లాంపును అతుకు వేసే చోటికి జానెడు దూరంలో, రంగూ తుప్పూ గీకిన ఇనుము మీద బిగించాలి. చక్రానికో యాక్సిలుకో పెట్టకూడదు, ఎందుకంటే అప్పుడు కరెంటు బేరింగు గుండ్ల గుండా పోయి వాటి మీద సూది పొడిచినట్టు గుంటలు పెడుతుంది, అవి కనిపించవు గానీ కొన్నాళ్లకు చక్రం మోత మొదలవుతుంది.